రైతుబిడ్డ రాజ్యము నడపిన కథ: పలనాటి నాయకురాలు నాగమ్మ

స్త్రీలు రాజ్యాధికారమునకు వచ్చిన దారులను పరిశీలించినచో అవి ముఖ్యముగా రెండు. మొదటిది పుట్టుక, రెండవది పెండ్లి. కాకతీయ రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె యగుటచే ఓరుగల్లు సింహాసన మెక్కి 1262 మొదలు 1289 వరకు ఆంధ్రదేశము నేలినది. రుష్యా దేశమున మొదటి కాథరిన్ లివోనియా ప్రాంతపు బీదరైతు కుటుంబమున పుట్టినను, పీటరు చక్రవర్తిని పెండ్లాడి, ఆయన మరణించిన పిమ్మట 1725 లో చక్రవర్తిని యయ్యెను. మహారాష్ట్రమున చౌండీ గ్రామపు పటేలు కూతురు అహల్యాబాయి, హోల్కరు కోడలై, మగడును మామయు పోయిన తరువాత 1767 మొదలు 1795 వరకు మాళవ దేశమును పాలించి ప్రజల మన్ననలు పొందెను.

మూడవ దారి యొకటి కలదు. అందు నడచినవారు మిక్కిలి యరుదు. రాజకుటుంబమున పుట్టక, రాజును పెండ్లాడక, తన గాదెలోని గింజను, తన తలలోని తెలివిని మాత్రమే పెట్టుబడిగా పెట్టి రాజ్యతంత్రమును చేజిక్కించుకొనిన రైతుబిడ్డ మన తెలుగుదేశముననే యుండెను. ఆమెయే పలనాటి నాయకురాలు నాగమ్మ.

అంతర్వేది సీమ రైతులకు పలనాడు దూరదేశము కాదు. ఆ కథలో పెద్దదిక్కుగా నిలిచిన వెలనాటి చోడులు మన గోదావరి మండలమును కూడ ఏలినవారే. ద్రాక్షారామ భీమేశ్వరాలయమునందు వారి శాసనములు కలవు. పిఠాపురమున ఆ వంశపు పృథ్వీశ్వరుని కాలమునాటి స్తంభశాసనము 1186 సంవత్సరమునకు చెందినది. ఈ కాలమున చూచినను, 2022 ఏప్రిల్ 4 న కోనసీమ జిల్లా యేర్పడిన దినముననే పల్నాడు జిల్లాయు నేర్పడినది. 1947 లో కన్నాంబయు, 1966 లో భానుమతియు నాగమ్మ వేషము ధరించిన చలనచిత్రములను చూచిన వృద్ధులు మనలో నిప్పటికి నున్నారు. అయినను నాగమ్మ యనగానే మనకు తోచునది కోడిపందెమును, కుతంత్రమును. ఆమె యెక్కిన మెట్లను గూర్చి గాని, ఆమెకు దొరకిన యధికారము ఎట్టిదో గాని ఆలోచించువారు తక్కువ. సేద్యము చేయువారమగు మనము ఈ కథను సేద్యగాని కన్నుతో చూడవలసి యున్నది.

పలనాటి రాజ్యము

కృష్ణానదికి దక్షిణపు టొడ్డున గురజాల, మాచెర్ల, కారెంపూడి గ్రామములు గల నాడు పలనాడు. నాగార్జునసాగరు కుడికాలువకు 1967 లో నీరు వదలువరకు అది మెట్టదేశమే. మనకు 1852 లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై కాలువనీరు వచ్చినది; వారు అటుపిమ్మట నూరేండ్లకు పైగా వానను నమ్ముకొనియే యుండిరి. జొన్న వారి పంట, పశువులు వారి ధనము. ఇట్టి చోట ధాన్యము నిలువ చేయగల రైతు చిన్నరాజుతో సమానుడు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనినగాని నాగమ్మ కథ అర్థము కాదు.

పండ్రెండవ శతాబ్దమున ఈ నాడును హైహయ వంశీయుడైన అనుగురాజు పాలించెను. వెలనాటి గొంకరాజు తన కుమార్తె మైలమదేవి నిచ్చి పెండ్లిచేసి పలనాటిని అరణముగా నొసగెనని కథ. అనుగురాజు మంత్రి దొడ్డనాయుడు; ఆయన కుమారుడే ప్రసిద్ధుడైన బ్రహ్మనాయుడు. అనుగురాజు గతించిన పిమ్మట మైలమదేవి కుమారుడు నలగామరాజు గురజాలలో పట్టము గట్టుకొనెను. వేరొక భార్య కుమారుడగు మలిదేవుడును, అతని సోదరులును ఉండిరి. ఒకే యింటి యాస్తికి ఇద్దరు తల్లుల బిడ్డలు హక్కుదారులైనచో ఏమి జరుగునో మన గ్రామములలో వేరుగా చెప్పనక్కరలేదు.

జిట్టగామాలపాటి రైతుబిడ్డ

నాగమ్మ పుట్టినది పలనాట కాదు. నేటి తెలంగాణమున కరీంనగరు ప్రాంతపు ఆర్వెల్లి గ్రామము ఆమె జన్మస్థలమని చెప్పుదురు. తండ్రి చౌదరి రామిరెడ్డి సేద్యగాడు. చిన్ననాడే తల్లి పోగా తండ్రి కూతును వెంటబెట్టుకొని పలనాటిలోని జిట్టగామాలపాడు చేరి, అచ్చట మేనమామ యగు జగ్గారెడ్డి యండన నిలిచెను. మేనమామ కుమారుడు సింగారెడ్డికి ఆమెనిచ్చి పెండ్లి చేసిరి. పెండ్లియైన కొలది దినములకే అతడు మరణించెను. ఆమె బాల్యముననే వైధవ్యము పొందినది.

ఆ కాలమున విధవ యింటి మూలకు చేరవలసినదే. నాగమ్మ చేరలేదు. గురువు నాశ్రయించి చదువు నేర్చినది. రాజనీతియు, ఆయుధవిద్యయు నేర్చినదని కథలు పలుకుచున్నవి. ఇంటి పెద్దలు గతించిన పిమ్మట సేద్యమును, పశువులను, పాలేండ్రను, గ్రామమున తగవులను తానే చక్కబెట్టుకొనినది. పెద్దసేద్యము నడపుట యనగా చిన్నరాజ్యము నడపుటయే. ఏ చేనున ఎంత విత్తనము పడునో, ఎంత గింజ తినుటకు, ఎంత విత్తుటకు, ఎంత అప్పు తీర్చుటకు ఉంచవలెనో, ఎవరిని నమ్మవచ్చునో, ఎవరిని కనిపెట్టి యుండవలెనో తెలియనివారు పెద్దసేద్యము చేయలేరు. నాగమ్మ మంత్రిత్వమునకు బడి ఆ పొలమే.

ఏడు ఘడియల మంత్రిత్వము

నలగామరాజు పరివారముతో వేటకు వచ్చి ఆ ప్రాంతమున ఎండకు, దప్పికకు అలసియుండగా, నాగమ్మ పందిళ్లు వేయించి, చలిపందిరి పెట్టించి, రాజునకును సేనకును భోజనములు సమకూర్చెనని కథ. సేన యంతటికి ఒక్కపూట అన్నము పెట్టుట సామాన్యమా? గాదెలో గింజ యుండవలెను, గింజను దంపించు జనముండవలెను, వారు ఒక్కమాటపై పనిచేయవలెను. రాజు ఆ యింటి యైశ్వర్యముకంటె ఆ యేర్పాటును చూచి మెచ్చుకొనినాడని యూహింపవచ్చును.

వరము కోరుకొమ్మని రాజు పలికెను. బంగారము కోరలేదు, మాన్యము కోరలేదు. తనకు కావలసినప్పుడు ఏడు ఘడియలపాటు మంత్రిపదవి నీయవలెనని కోరి, ఆ మాటను వ్రాతమూలముగా పుచ్చుకొనినది. ఘడియకు 24 నిమిషముల చొప్పున ఏడు ఘడియలకు 168 నిమిషములు, అనగా మూడు గంటలకు తక్కువ. రాజు నవ్వుకొని యుండును. కాని ఆ మూడు గంటలలో రాజముద్ర ఎవరి చేతనుండునో వారిదే రాజ్యము. నాగమ్మ సమయము కనిపెట్టి ఆ పత్రము నుపయోగించుకొనినది. ఆ కొలదికాలములోనే తన సామర్థ్యమును చూపి, రాజు నమ్మకమును పొంది, ఆ యేడు ఘడియలను ఏండ్లుగా పెంచుకొనినది. బ్రహ్మనాయుడు వెనుకకు తొలగవలసి వచ్చెను. గురజాలలో ఆనాటినుండి ఆజ్ఞ నాయకురాలిదే.

ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, నోటిమాటను వ్రాతలోనికి దింపుకొనిన జాగ్రత్త. ధాన్యము కొన్న వర్తకుని నోటిమాటను నమ్మి నష్టపడిన రైతులు ఎందరో కలరు. వారికంటె ఎనిమిది వందల యేండ్ల క్రిందటి ఈ విధవరాలు తెలివి గలది. రెండవది, రాజు చేసిన పొరపాటు. తాను దేనికి సంతకము పెట్టుచున్నాడో ఆలోచింపక పెట్టెను. ఆయధికారము రాజు దయవలన వచ్చినది గాని ప్రజలవలన వచ్చినది కాదు. దానిని లెక్క యడుగువారు ఎవ్వరును లేరు. నాగమ్మ బలమును, కథ తుది యనర్థమును, రెండును ఈ చోటనే మొలకెత్తినవి.

రెండు కక్షలు

దాయాదుల తగవు పెరుగగా రాజ్యము రెండు భాగములయ్యెను. నలగాముడు నాగమ్మతో గురజాలలో నుండెను; మలిదేవాదులు బ్రహ్మనాయునితో మాచెర్ల చేరిరి. బ్రహ్మనాయుడు చెన్నకేశవ భక్తుడు. కులభేదము పాటింపక అందరిని ఒక్క పంక్తిన కూర్చుండబెట్టి చాపకూడు పెట్టినవాడు. మాల కన్నమదాసును కన్నకొడుకువలె చూచి సేనానిని చేసినవాడు. నాగమ్మ శివభక్తురాలు. ఈ కలహము శైవవైష్ణవ కలహమనియు కొందరు వ్రాసినారు. మన అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామిని సేవింపవచ్చినవారు నీలకంఠేశ్వరునికిని మ్రొక్కి పోవుచున్నారు. దేవుల నడుమ తగవు లేదు. తగవు అధికారమునకై మనుష్యుల నడుమ పుట్టి దేవుని పేరు తగిలించుకొనును.

ఒక్క మాట మాత్రము న్యాయముగా చెప్పవలెను. చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుని యందు గొప్పగుణము లేదనలేము. ఒంటరి విధవయై యుండి రాజ్యమును గడగడలాడించిన నాగమ్మయందు గొప్పగుణము లేదనలేము. ఇద్దరు సమర్థులు ఒక్క త్రాటిపై నడచియున్నచో పలనాడు ఎట్లుండెడిదో!

కోడిపందెము

సంక్రాంతి దినములలో కోనసీమ రైతునకు కోడిపందెము సంగతి చెప్పుట తాతకు దగ్గు నేర్పుటవంటిది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము జంతువులను పోరాడించుటను నేరముగా నిర్ణయించినను, ఆ దినములలో చేనిగట్లపై చేతులు మారు ధనమెంతో మనకు తెలియును. పలనాట మారినది ధనము కాదు, రాజ్యము. ఇరుపక్షముల కోళ్లకు పందెము కుదిరెను. ఓడినవారు రాజ్యము విడిచి ఏడేండ్లు వలస పోవలెనని పణము. బ్రహ్మనాయుని పుంజు, కథలో చిట్టిమల్లు అని పేరు గలది, మొదట గెలుచుచు వచ్చి తుదిపోరులో ఓడెను. నాగమ్మ మోసమువలన గెలిచెనని వీరగాథ చెప్పుచున్నది.

మోసమే జరిగినదనుకొందము. అయినను ఒక ప్రశ్న మిగులుచున్నది. వేలకొలది సేద్యగాండ్ర బ్రతుకును ఒక పుంజు కాలికి కట్టిన కత్తిపై పెట్టుటకు ఒప్పుకొనినవారు ఎవరు? ఇరుపక్షముల పెద్దలును ఒప్పుకొనిరి. పంట కోయవలసిన రైతును, పాలుపితుకవలసిన గొల్లను అడిగినవారు లేరు.

మాచెర్లవారు కృష్ణ యొడ్డునగల మండాదికి వలసపోయిరి. పశువులమందలు వారి వెంట పోయెను. ఆ మందలను చంపించుటకు నాగమ్మ చెంచులను పురికొల్పెననియు, పశువులను కాపాడుచు లంకన్న యను కాపరి ప్రాణములు విడిచెననియు కథలో నొక ఘట్టము కలదు. రాజుల పేర్లు గల ఈ కథలో పశువుకొరకు చనిపోయిన ఆ కాపరి పేరు నిలిచియుండుట మెచ్చదగినది.

కారెంపూడి

ఏడేండ్లు గడచెను. తమ భాగమును తమకు తిరిగి యిమ్మని అడుగుటకై మాచెర్లవారు అలరాజును రాయబారము పంపిరి. అలరాజు కొమ్మరాజు కుమారుడు; నలగామరాజునకు స్వయముగా అల్లుడు. అల్లుడు మామగారి యూరికి సంధిమాట లాడ వచ్చి, తిరుగుదారిలో చర్లగుడిపాటివద్ద విషప్రయోగమున మరణించెను. ఆ విషము వెనుక నాగమ్మ చేయి యున్నదని వీరగాథ తీర్పు చెప్పుచున్నది. రాయబారిని చంపిన పిమ్మట మాటకు తావు లేదు.

నాగులేటి యొడ్డున కారెంపూడివద్ద 1182 ప్రాంతమున యుద్ధము జరిగెనని చరిత్రకారులు సామాన్యముగా చెప్పుదురు. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు పిన్నవయస్సున రణమున కూలెను. కన్నమదాసు మొదలుగా వీరులందరు నేలకొరిగిరి. నాగమ్మ చావడిలో కూర్చుండి ఇతరులను పంపినది కాదు. తానే సేనల నడుమ నిలిచి యుద్ధము నడపెనని శత్రుపక్షపు కథయే చెప్పుచున్నది. తుదకు గెలిచినవారు లేరు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలము చేరెను. నలగామునికి శ్మశానమువంటి రాజ్యము మిగిలెను. నాయకురాలి పేరు అటుపిమ్మట రాజ్యకథలో వినరాదు.

ఈ యుద్ధమువలన వెలనాటి చోడుల బలము క్షీణించెననియు, కొలది కాలమునకే కాకతి గణపతిదేవుడు తీరాంధ్రమును లోబరచుకొనుటకు ఇది యొక కారణమనియు చరిత్రకారుల యభిప్రాయము. ఇంటివారు ఇద్దరు కొట్టుకొనగా ఇల్లు మూడవవాని చేతబడెను.

సాక్ష్యమును తూచుట

ఇప్పుడొక చిక్కు. ఈ కథ మనకు ఎవరి నోట వచ్చినది? పలనాటి వీరచరిత్రమును శ్రీనాథ మహాకవి మంజరీద్విపదలో పదునైదవ శతాబ్దమున రచించెనని ప్రసిద్ధి. అనగా యుద్ధము జరిగిన రెండు వందల యేండ్లకు పైబడిన పిమ్మట. దానిని అక్కిరాజు ఉమాకాంతముగారు 1911 లో అచ్చువేయించిరి. అంతకుముందే వీరవిద్యావంతులును, పిచ్చుకుంటులవారును దీనిని తరతరములుగా పాడుచుండిరి. కారెంపూడి వీరుల గుడియొద్ద ఏటేట కార్తిక అమావాస్యతో ఆరంభమై రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు దినముల యుత్సవము ఇప్పటికిని జరుగుచున్నది. అచ్చట పూజలందువారు బ్రహ్మనాయుని పక్షపు వీరులు.

కావున మన చేతనున్నది ఒక పక్షపు వాఙ్మూలము. నాగమ్మ పక్షమున కట్టిన పాట లేదు, గుడి యుత్సవము లేదు. గ్రామపంచాయితీలో ఒక్క పక్షమువారి సాక్ష్యము మాత్రమే విని తీర్పు చెప్పు పెద్దమనిషిని మనము న్యాయవంతు డనము. విషము, మోసము, పశుహత్య అను నేరములు నిజమైనచో నాగమ్మను మన్నింప పనిలేదు. కాని అదే పని మగమంత్రి చేసినచో దానిని రాజనీతి యనియు, చాణక్యమనియు పొగడుట లోకరీతి. ఆడది చేయగా అది రక్కసితన మయినది. ఇంత ద్వేషముతో పాడిన పాటలో కూడ ఆమె తెలివిని, ధైర్యమును దాచలేకపోయిరి. ఆమెకు వారిచ్చిన ‘నాయకురాలు’ అను బిరుదమును ఎనిమిది వందల యేండ్లు గడచినను ఎవ్వరును తీసివేయలేదు. శత్రువు చెప్పిన మంచిమాట రెండుమార్లు తూచినను బరువు తగ్గదు.

మన సంఘములకు పనికివచ్చు మాటలు

చరిత్రము వినుట కాలక్షేపమునకు మాత్రమే కాదు. ఈ కథనుండి సహకార సభ్యులు మూడు సంగతులు గ్రహింపవచ్చును.

మొదటిది స్త్రీల సంగతి. మన సీమలో నాటు, కలుపు, కోత, పాడి, కొబ్బరిపీచు పని, ఇవన్నియు స్త్రీల చేతులమీదుగా నడచుచున్నవి. పట్టా మాత్రము తరచుగా పురుషుని పేర నుండును. పట్టా ఎవరిదో సంఘమున సభ్యత్వమును, అప్పును సామాన్యముగా వారిదే. మన రాష్ట్రమున 1985 లోను, దేశమంతట 2005 లోను ఆడపిల్లకు పిత్రార్జితమున కుమారునితో సమానముగా హక్కు శాసనమువలన వచ్చినది. 1992 నాటి రాజ్యాంగ సవరణచే పంచాయతీలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు కేటాయింపబడినవి. శాసనము తలుపు తీసినది. లోనికి పిలువవలసినవారము మనము. పేరు భార్యదియు, పెత్తనము భర్తదియు నైనచో అది నాగమ్మ చేతికి పత్రమిచ్చి ముద్ర దాచుకొన్నట్లే. ఒంటరియైన స్త్రీ ఆ కాలముననే రాజ్యతంత్రము నడపగలిగినప్పుడు, ఈ కాలపు చదువుకొనిన రైతుస్త్రీ సంఘపు లెక్కల పుస్తకమును చూడలేదా?

రెండవది సంతకము సంగతి. నలగామరాజు వ్రాసియిచ్చినది ఏడు ఘడియల పత్రము, పోయినది రాజ్యము. ఖాళీ కాగితముపై, ఖాళీ చెక్కుపై సంతకము పెట్టు అధ్యక్షుడును, చదువక వ్రేలిముద్ర వేయు సభ్యుడును ఆ రాజు తోబుట్టువులే. అధికారము సమర్థుల కీయవలసినదే; కాని దానికి గడువును, లెక్కయు, అడుగువారును ఉండవలెను. నాగమ్మను లెక్క యడుగు సర్వసభ్యసభ యుండియున్నచో ఆమె తెలివి పలనాటికి చెరువులై, పంటలై నిలిచి యుండెడిదేమో. రాజు దయయొక్కటే ఆధారమైనందున ఆ తెలివి యంతయు ఆ దయను కాపాడుకొనుటకును, ప్రతిపక్షమును పడగొట్టుటకును ఖర్చయిపోయినది.

మూడవది కక్షల సంగతి. సహకారసంఘములకు ఈ దేశమున 1904 లో మొదటి చట్టము వచ్చిననాటినుండి మూలసూత్రము ఒక్కటే: వాటాలు ఎన్నియున్నను మనిషికి ఒక్క వోటు. ఇది చాపకూడు పంక్తివంటిది. ఈ పంక్తిలో రెండు జట్లు కట్టి, ఎరువుల మూటకును, అప్పు కాగితమునకును పార్టీ రంగు పూసినచో సంఘము కారెంపూడి యగును. పూర్వము కోడిపుంజు చేసిన పనిని ఇప్పుడు ఎన్నికల పంతములు చేయుచున్నవి. గెలిచిన జట్టునకు చేతికి వచ్చునది వసూలుకాని బాకీల చిట్టా. ఓడిన జట్టునకు వచ్చునది వలస. అదనుకు ఎరువు దొరకని రైతునకు ఎవరు గెలిచినను ఒక్కటే.

రాబోవు మాఘమాసమున అంతర్వేది తీర్థమునకు కుటుంబములతో తరలివచ్చు సభ్యులు, దారిలో నాగమ్మ కథను తమ ఆడపిల్లలకు చెప్పుదురుగాక. కోడిపందెమును, విషమును దాచనక్కరలేదు, అవియు చెప్పవలెను. పందిళ్లు వేయించి సేనకు అన్నము పెట్టిన రైతుబిడ్డనుకూడ మరవక చెప్పవలెను. పిమ్మట జరుగు సర్వసభ్యసభకు ఆ పిల్లల తల్లులను వెంటబెట్టుకొని రావలెనని సభ్యులందరికి మనవి.